ఊహించిన మంత్రం, తిరిగి గీసిన చిప్

ఒక కర్మను గాని ఒక నిర్మాణాన్ని గాని అది పుట్టిన చోటు నుంచి వేరొక చోటికి తీసుకుపోయి, కొత్త చోటి నియమాలకు ఒదిగేలా అందులో కొంత మార్చినప్పుడు, మిగిలినది మొదటిదేనా, లేక మొదటిదాని పేరు పెట్టుకున్న మరొకటా అన్న ప్రశ్న భారతీయ దర్శనాల్లో చాలా పాతది. జైమిని పూర్వమీమాంసా సూత్రాల్లోని పన్నెండు అధ్యాయాల్లో నాలుగు, అంటే ఏడు నుంచి పది వరకు ఉన్నవి, ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. అక్కడి చర్చ యజ్ఞాన్ని గురించినది. ఆ పారిభాషిక పదాలు తెలియకుండానే ఈనాడు అదే చిక్కును ఎదుర్కొంటున్నవారు సిలికాన్ చిప్‌లను రూపొందించే ఇంజనీర్లు. ఈ రెండు శాస్త్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే, స్థానం మారిన వస్తువుతో పాటు ఏది వెళ్తుంది, ఏది వెనుకనే ఉండిపోతుంది అన్న సంగతి కొంత తేటపడుతుంది.

ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ అనేది గోరంత సిలికాన్ పలక మీద పొరపొరగా అచ్చు వేసిన విద్యుత్ వలయం. ఏ పొరలో ఏ ఆకారం ఎక్కడ రావాలో చూపే చిత్రపటాన్ని లేఅవుట్ అంటారు. ఆ పటాన్ని సిలికాన్ మీదికి ఎక్కించే కర్మాగారం ఫౌండ్రీ. ప్రతి ఫౌండ్రీ తన ప్రతి ఉత్పత్తి ప్రక్రియకూ కొన్ని హద్దులు నిర్ణయించి ఇస్తుంది: ఒక తీగ ఇంతకన్నా సన్నగా ఉండరాదు, రెండు తీగల మధ్య ఎడం ఇంతకు తగ్గరాదు, పై పొరనూ కింది పొరనూ కలిపే రంధ్రం చుట్టూ లోహం ఇంత మేర కప్పి ఉండాలి. వీటినే డిజైన్ రూల్స్ అంటారు. ఇవి గీసేవాని ఇష్టాయిష్టాల నుంచి పుట్టినవి కావు. కాంతి అంచులు కొద్దిగా చెదరడం, ఒక పొర అచ్చు మరొక పొర అచ్చు మీద వెంట్రుకవాసి పక్కకు జరగడం, ఆమ్లమో వాయువో అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువ తినివేయడం వంటి యంత్రాల లోపాలన్నిటినీ లెక్కగట్టి వేసిన గట్లు. కర్మాగారం మారితే లోపాలు మారతాయి, లోపాలు మారితే గట్లూ మారతాయి.

ఈ గట్లను ఎక్కడికైనా చెల్లే ఒకే కొలతలో చెప్పాలన్న కోరిక 1970ల చివర బలపడింది. కార్వర్ మీడ్, లిన్ కాన్వే 1980లో వెలువరించిన పాఠ్యగ్రంథం అన్ని నియమాలనూ లాంబ్డా అనే ఒకే అక్షరానికి గుణిజాలుగా వ్రాసింది: పాలిసిలికాన్ గీత వెడల్పు రెండు లాంబ్డాలు, లోహపు గీత వెడల్పు మూడు లాంబ్డాలు, ఈ తీరుగా. ప్రక్రియ సూక్ష్మమైతే లాంబ్డా విలువ తగ్గించుకుంటే చాలు, పటాన్ని మళ్లీ గీయనక్కరలేదన్నది అందులోని ఆశ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజనీరింగ్ కళాశాలల్లో ఎలక్ట్రానిక్స్ చదివిన విద్యార్థులకు ఈ లాంబ్డా చిరపరిచితమే; డిఫ్యూజన్‌కు ఆకుపచ్చ, పాలిసిలికాన్‌కు ఎరుపు, లోహానికి నీలం రంగు పెన్సిళ్లతో స్టిక్ డయాగ్రమ్‌లు గీయని వీఎల్ఎస్ఐ నోటు పుస్తకం అరుదు. ఆ పుస్తకంలోని ప్రపంచం తరగతి గదిలో ఇంకా నిలిచి ఉంది గాని కర్మాగారంలో ఎప్పుడో చెదిరిపోయింది. కొలతలన్నీ ఒకే పాళ్లలో తగ్గలేదు. ట్రాన్సిస్టర్ కుదించుకుపోయినంతగా తీగ కుదించుకుపోలేదు, సన్నబడిన తీగ నిరోధం పెరిగింది, వోల్టేజీ ఒక దశ దాటాక తగ్గడానికి మొరాయించింది. 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతితో అంతకన్నా ఎంతో సన్నని గీతలు అచ్చు వేయవలసి వచ్చేసరికి, కొన్ని పొరల్లో గీతలు ఒకే దిక్కున సాగాలనీ, పక్కపక్క గీతలను రెండు వేర్వేరు అచ్చులకు పంచాలనీ కొత్త నియమాలు పుట్టుకొచ్చాయి. ఫిన్‌ఫెట్ అనే నిలువు రెక్కల ట్రాన్సిస్టర్‌లో వెడల్పును కోరినంత పెట్టుకునే స్వేచ్ఛ కూడా పోయింది. రెండు రెక్కలో మూడు రెక్కలో ఉండాలి గాని రెండున్నర ఉండడానికి వీల్లేదు. సర్వత్రా చెల్లే కొలత అన్న ఆశ అందమైనదే గాని, నియమాలన్నీ ఒకే కారణం నుంచి పుట్టి ఉంటేనే అది నిజమయ్యేది.

అందుచేత ఒక ప్రక్రియకు గీసిన చిప్‌ను మరొక ప్రక్రియకు తీసుకుపోవడమంటే పటాన్ని పెంచడమో కుదించడమో కాదు, పటం వెనుక ఉన్న ఉద్దేశాన్ని పట్టుకొని మరొక పటం గీయడం. 2015లో ఆపిల్ సంస్థ ఏ9 అనే ఒకే ప్రాసెసర్‌ను శామ్‌సంగ్ 14 నానోమీటర్ల ప్రక్రియలోనూ, తైవాన్‌లోని టీఎస్ఎంసీ 16 నానోమీటర్ల ప్రక్రియలోనూ తయారు చేయించింది. ఆ ప్రాసెసర్ ఉన్న ఫోన్‌ను పైకి చూస్తే తేడా తెలియదు. చిప్‌లను విప్పి కొలిచినవారికి ఒకదాని వైశాల్యం 96 చదరపు మిల్లీమీటర్లుగాను, రెండవదానిది 104.5 చదరపు మిల్లీమీటర్లుగాను తేలింది. మన దేశంలో దీనికి దగ్గరి ఉదాహరణ మద్రాసు ఐఐటీలో రూపొందిన శక్తి ప్రాసెసర్. 2018లోనే ఆ కుటుంబపు 64 బిట్ల ప్రాసెసర్ ఒకసారి అమెరికాలోని ఇంటెల్ 22 నానోమీటర్ల ఫిన్‌ఫెట్ ప్రక్రియలోను, మరొకసారి చండీగఢ్ పక్కన మొహాలీలో ఉన్న సెమీకండక్టర్ లేబొరేటరీ 180 నానోమీటర్ల ప్రక్రియలోను చిప్‌గా వెలువడింది. ఒకచోట నిలువు రెక్కలు, మరొకచోట చదునైన ట్రాన్సిస్టర్లు. ఒక్క గీత కూడా ఉమ్మడిది కాదు. అయినా రెండూ శక్తే అంటున్నామంటే ఆ పేరు దేనికి చెందుతున్నట్టు?

మీమాంసకుల సమాధానం ప్రకృతి, వికృతి అనే విభాగంతో మొదలవుతుంది. అంగాలన్నీ పూర్తిగా ఉపదేశింపబడిన కర్మ ప్రకృతి; కొద్ది అంగాలు మాత్రమే చెప్పి, తక్కినవి ప్రకృతి నుంచి తెచ్చుకోవలసిందిగా విడిచిపెట్టిన కర్మ వికృతి. అలా తెచ్చుకోవడం అతిదేశం. ఇష్టి అనే తరగతి యాగాలన్నిటికీ దర్శపూర్ణమాసం ప్రకృతి. బ్రహ్మవర్చస్సు కోరేవాడు చేసే సౌర్యచరువు, అంటే సూర్యునికి వండి అర్పించే ధాన్యం, దానికొక వికృతి. దర్శపూర్ణమాసంలో ధాన్యం కొలిచి తీసేటప్పుడు చెప్పే మంత్రంలో అగ్ని పేరుంది. ఆ మంత్రం సౌర్యచరువుకు వచ్చినప్పుడు అక్కడి దేవత సూర్యుడు కనుక అగ్ని పేరు తీసి సూర్యుని పేరు పెట్టాలి. ఈ మార్పునే ఊహ అంటారు. వాడుక తెలుగులో ఊహ అంటే తలపు, కల్పన. మీమాంసలో మాత్రం అది కల్పనకు దాదాపు వ్యతిరేకం, ఎందుకంటే కొత్త సందర్భం అడిగినంత మేరకే మార్చి, అడగని అక్షరాన్ని తాకకుండా విడిచిపెట్టే కట్టుబాటు అది.

ఊహకు తోడుగా బాధ అనే మరొక వ్యాపారం ఉంది. ఇక్కడ బాధ అంటే నొప్పి కాదు, నివృత్తి. కృష్ణలాలు అనే బంగారు గింజలతో చరువు చేయాలని ఒక వికృతిలో విధి ఉంది. ప్రకృతిలో చరువుకు ముందు వడ్లు దంపాలి. దంపుడు పొట్టు ఊడదీయడానికి. బంగారానికి పొట్టు లేదు. కాబట్టి దంపుడు తొలగిపోతుంది. ఈ వాదంలోని బలం గమనించదగినది: అంగం వికృతికి రావాలా వద్దా అన్నది అది ప్రకృతిలో ఉన్నదా లేదా అన్నదాని మీద గాక, అది అక్కడ ఎందుకు ఉన్నది అన్నదాని మీద ఆధారపడింది. పాత ప్రక్రియలోని ఒక యంత్రలోపాన్ని తప్పించడానికి పెట్టిన ఎడాన్ని కొత్త ప్రక్రియలోకి మోసుకుపోవడం బంగారు గింజలను రోట్లో వేసి దంపడమే. అయితే ఆ గింజలను నేతిలో వండమని ప్రత్యేక వచనం ఉంది. బంగారం ఉడకదని తెలిసినా వండవలసిందే, ఆ పాకం అదృష్టార్థం, అంటే కంటికి కనబడని ఫలం కోసం. చిప్‌ల తయారీలో ఇటువంటిదీ ఉన్నది. ఖాళీ జాగాల్లో ఏ వలయానికీ చెందని లోహపు ముక్కలు ఇంత సాంద్రతతో నింపాలని ఫౌండ్రీ విధిస్తుంది. వలయం తీరు మాత్రమే తెలిసినవానికి అవి నిష్ప్రయోజనాలు, పలకను సానబట్టి చదును చేసే దశ తెలిసినవానికి అవి లేకపోతే ఉపరితలం గుంటలు పడుతుంది. కారణం ఉన్నది, అది గీసేవాని కంటికి అందలేదు, అంతే. ఈ పోలికను ఇంతకు మించి సాగదీయడం తగదు, మీమాంసకుని అదృష్టం ఏ ప్రయోగశాలకూ అందేది కాదు.

అడిగిన మేరకే మార్చడమనే కట్టుబాటు నేటి తెలుగు ఇళ్లలో తేటగా కనబడేది సంకల్పంలో. పూజ మొదట కర్త తానున్న చోటును శ్రీశైలానికి ఏ దిక్కున ఉందో, ఏ నదుల నడుమ ఉందో చెప్పుకుంటాడు. చోడవరం దగ్గరి గోవాడలో అది శ్రీశైలానికి ఈశాన్యం, గంగా గోదావరుల మధ్య. కృష్ణా గోదావరుల నడిమి ఊళ్లో నేర్చిన పాఠాన్ని అక్కడ మార్చకుండా చెబితే తప్పు, ఊరు గోదావరికి ఉత్తరాన ఉంది కనుక. 2022లో ఆ ఊరు విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాకు మారింది. సంకల్పంలో ఒక్క అక్షరం మారలేదు, సంకల్పం జిల్లాను అడగదు కనుక. అదే ఊరి కుటుంబం అమెరికాలో వ్రతం చేసుకుంటే చాలా పదాలు మారతాయి; అక్కడి పురోహితులు కొందరు ఆ నేలను క్రౌంచద్వీపంగా చెబుతారు. ఏ మార్పుకు స్పందించాలో, దేనికి స్పందించనక్కరలేదో తెలిసి ఉండడమే ఇందులోని విద్య. అయితే శాస్త్రం కచ్చితంగా పట్టుకుంటే ఇది ఊహ కాదు, సంకల్పం వేదమంత్రం కాదు గనుక; పోలిక మాత్రమే.

ఇక్కడ పూర్వపక్షి ఒక ప్రశ్న వేయవచ్చు. ప్రయోజనం నిలిస్తే వస్తువు నిలిచినట్టే అయితే, గోవాడ సహకార చక్కెర కర్మాగారానికి వెళ్లిన చెరకూ, అనకాపల్లి బెల్లం పెనంలోకి వెళ్లిన చెరకూ రెండూ తీపి కోసమే కదా, మరి బెల్లాన్నీ చక్కెరనూ ఒకటే అనాలా? వంట తెలిసినవారెవరూ అలా అనరు. మరుగుతున్న పాలలో చక్కెర వేస్తే కరుగుతుంది, బెల్లం వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది. ప్రయోజనాన్ని తీపి అని ముతకగా చెప్పినంతసేపే రెండూ ఒకటి. సన్నగా చెప్పేసరికి రెండవుతాయి. చిప్‌లలోనూ సరిగ్గా ఇక్కడే విభజన వస్తుంది. డిజిటల్ వలయానికి కావలసింది సున్నా, ఒకటి అనే రెండు స్థితులు, అవి సమయానికి అందడం. దాని ప్రయోజనం ముతకది, అందుకే హార్డ్‌వేర్ వర్ణన భాషలో వ్రాసిన పాఠాన్ని కొత్త ఫౌండ్రీ ఇచ్చిన సెల్‌ల, అంటే ముందే గీసి ఉంచిన చిన్న వలయాల, సంపుటితో తిరిగి వలయంగా మార్చుకోవచ్చు. శక్తి రెండుచోట్ల పుట్టగలిగింది అందువల్లనే. పేరు చెందినది ఆ పాఠానికి. అనలాగ్ వలయంలో వోల్టేజీలోని ప్రతి చిన్న హెచ్చుతగ్గూ అర్థవంతమే. అది ట్రాన్సిస్టర్ స్వభావాన్ని నమ్ముకొని కట్టినది కనుక, ప్రక్రియ మారితే దానిని దాదాపు మొదటి నుంచి ఆలోచించాలి. ఆ విద్యలో ఆరితేరినవారికి దీనివల్లనే గిరాకీ తగ్గలేదు.

ఇంతవరకూ రెండు శాస్త్రాలూ ఒకే దారిన నడిచాయి. అన్నిటికన్నా లోతైన సంగతి ప్రామాణ్యానిది. తెలుగునాట వైదిక కుటుంబాల్లో అత్యధికులు అనుసరించే సూత్రం ఆపస్తంబునిది. యజ్ఞ పరిభాషను వివరించే చోట ఆయన, ఆమ్నాయంలో, అంటే వేదపాఠంలో, పఠింపబడనివి మంత్రాలు కావని చెప్పి, అటువంటి వాటిలో ప్రవరను, నామధేయాన్ని, ఊహను చేర్చాడు. జైమిని నిర్ణయమూ ఇదే. అంటే అగ్ని పేరు స్థానంలో చేర్చిన సూర్యుని పేరు కర్మకు తప్పనిసరి, అది లేకపోతే సౌర్యచరువు సాగదు. అయినా ఆ మాటకు మంత్రత్వం లేదు. పని చేస్తుంది గాని, మూలానికున్న గౌరవం దానికి సంక్రమించదు. ఇంత నిర్మొహమాటమైన తీర్పు మరే సంప్రదాయంలోనైనా సులభంగా దొరుకుతుందనుకోలేము: మార్పు అవసరమని ఒప్పుకుంటూనే, మార్చినవాడు మూలం మాటున దాక్కోకుండా చేసింది.

చిప్‌ల లోకంలో సిలికాన్ ప్రూవెన్ అనే మాట ఒకటి వాడుకలో ఉంది. ఒక డిజైన్ కాగితం మీద గాక సిలికాన్ మీద నిజంగా పనిచేసి చూపింది అని దాని అర్థం, అమ్మేవారికీ కొనేవారికీ ఆ మాట విలువ ఎక్కువ. కాని ఆ విశేషణం డిజైన్‌కు ఒంటరిగా తగలదు. ఫలానా ఫౌండ్రీలో, ఫలానా ప్రక్రియలో అన్న పరిమితితోనే తగులుతుంది. మరొక ప్రక్రియకు మార్చిన మరుక్షణం అది ఊడిపోతుంది. కొలతల తనిఖీ, వలయంతో పటాన్ని పోల్చే తనిఖీ, ఉష్ణోగ్రతా వోల్టేజీల అంచుల్లో సమయాల తనిఖీ, చివరకు నిజమైన పలక మీద పరీక్ష, అన్నీ మొదటి నుంచి జరగాలి. ప్రయోజనం ప్రయాణం చేస్తుంది, ప్రామాణ్యం చేయదు. వేదం అపౌరుషేయమనీ, దాని ప్రామాణ్యం స్వతస్సిద్ధమనీ మీమాంసకుడు అంటాడు. ఇంజనీరు పటం అడుగడుగునా పౌరుషేయం, దాని ప్రామాణ్యం పరీక్ష నుంచే వస్తుంది. మూలాలు ఇంత దూరమైనా, మార్చిన భాగం అరువు గౌరవంతో నడవరాదన్న చోట ఇద్దరూ కలుస్తున్నారు.

మీమాంసలో ప్రకృతిత్వం కూడా స్థిరమైన బిరుదు కాదు. సోమయాగంలోని అగ్నీషోమీయ పశుయాగం దర్శపూర్ణమాసానికి వికృతి, తన తరువాతి పశుయాగాలకు మాత్రం తానే ప్రకృతి. చిప్‌లలోనూ అంతే. ఇస్రో ప్రయోగ వాహనాల కోసం 16 బిట్ల విక్రమ్ 1601 ప్రాసెసర్ 2009 నుంచి పనిచేస్తూ వచ్చింది. దాని తరువాతి తరమైన 32 బిట్ల విక్రమ్ 3201 మొహాలీలోని అదే 180 నానోమీటర్ల ప్రక్రియలో తయారై 2025 మార్చిలో ఇస్రో చేతికి వచ్చింది. వేగంలోను, సాంద్రతలోను ఆ ప్రక్రియ ఇరవై ఏళ్లకు పైగా వెనుకటిది. అంతరిక్ష ప్రయోగాలకు కావలసింది నియమాలు బాగా తెలిసిన, తీరు పరీక్షకు నిలిచిన ప్రక్రియ కనుక, అక్కడ నిగ్గుదేలిన ఆ చిప్ ఇకపై వచ్చేవాటికి ప్రకృతిగా కూర్చుంటుంది, వాటి రూపకర్తలు ఏ అక్షరం మార్చాలో, ఏది తాకరాదో దానిని చూసే తేల్చుకుంటారు.