ముందటి కొలత

ఏమరుపాటే మృత్యువని సనత్సుజాతుఁడు ధృతరాష్ట్రునకు బోధించినట్లు ఉద్యోగపర్వమున నున్నది. జాగరూకత కార్యక్షణమున మాత్రమే యుండవలసిన గుణమా, లేక మనస్సు ప్రశాంతముగా నున్న వేళ ముందుగనే సిద్ధపఱచుకొనఁదగిన నియమమా యను ప్రశ్నకు, అమెరికాలో పాతకాలపు తుపాకులు పేల్చువారి యాచార మొకటి నాకు సమాధానముగాఁ దోఁచుచున్నది.

గొట్టపు మూతినుండి మందు దట్టించు తుపాకుల ప్రియులు 1933లో స్థాపించుకొనిన జాతీయసంఘమువారు ఇండియానా రాష్ట్రమందలి ఫ్రెండ్‌షిప్ గ్రామమున నేఁటికిని పోటీలు జరుపుచున్నారు. వారు వాడు నల్లని తుపాకిమందులో నూటికి సుమారు 75 పాళ్లు సురేకారము, 15 బొగ్గు, 10 గంధకము. ఒక గుండు వెడలిన పిదప గొట్టపుటడుగునఁ గంటికిఁ గానరాని నిప్పుకణిక మిగిలియుండవచ్చును. మందు నింపిన కొమ్మునుండి సరాసరి పోసినచో జ్వాల పైకెగసి చేతనున్న కొమ్మంతయుఁ బేలవచ్చును. అందుచేత విజ్ఞులు ఒక్కొక్క పేల్పునకుఁ జాలినంత మందును ముందుగనే కొలిచి, మూతగల చిన్న గొట్టములలో విడివిడిగా నుంచుకొని, ఒక్కటి మాత్రమే తెఱచి, ముఖమును తుపాకి మూతికి దూరముగా నుంచి పోయుదురు. అప్పుడును నిప్పంటుకొనవచ్చును; కాని మండునది ఒక్క కొలతయే.

ఇది తన నేర్పుపైఁ దనకు విశ్వాసము లేకపోవుట యని కొందఱాక్షేపింతురు. చిత్తము చంచలమని యెఱిఁగి, పోటీ తొందరలోని తన్ను నిన్నటి ప్రశాంతవివేకమునకు అప్పగించుకొనుట వినయమే కాని యవిశ్వాసము కాదు. ప్రక్కనున్నవాని ప్రాణమును తన నైపుణ్యమునకుఁ బందెముగా నొడ్డకుండుట అహింసయే. అట్టి క్రీడకుఁ బోవు విదేశాంధ్ర సోదరులు, ఎంత యనుభవ మున్నను, కొమ్మునుండి నేరుగాఁ బోయవలదని ప్రార్థించుచున్నాను.