విద్యాపంక్తిలో భేదము తగునా?

మన ఇండ్లలో శుభకార్యము జరిగినప్పుడు అరటియాకులు పరచి, అందరిని ఒకే వరుసలో కూర్చుండబెట్టి వడ్డించుట ఆచారము. ఆ వరుసలో ఒకరి యాకులో నేయి పోసి, ప్రక్కవారి యాకును చూడనట్లు దాటిపోవుటను మన పెద్దలు పంక్తిభేదమనిరి. అది పాపమని బోధించిరి. అయితే పండ్లు లేని తాతగారికి మెత్తని అన్నము పెట్టుటను గాని, కారము తినలేని పసివానికి పెరుగన్నము కలిపి పెట్టుటను గాని ఎవరును పంక్తిభేదమనలేదు. విశ్వవిద్యాలయ శాఖలలో సమానత్వమును గూర్చి చర్చ విన్నప్పుడెల్ల నాకీ రెండు సంగతులు కలిసి జ్ఞప్తికి వచ్చును. అందరికి ఒకే కొలత పెట్టుట సమానత్వమా? ఎవరి అవసరము నెరిగి వారికి పెట్టుట సమానత్వమా?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు లక్షా యేబదివేల మందికి పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా నాటాలుకు వచ్చిరి. వారి సంతతి ఉన్నత విద్య కోరినప్పుడు, 1959 నాటి చట్టము విశ్వవిద్యాలయములను జాతులవారీగా విడదీసెను. 1961లో డర్బను రేవునందలి సాలిస్‌బరీ ద్వీపమున భారతీయులకు వేరుగా ఒక కళాశాల పెట్టిరి. 1972లో అది వెస్ట్‌విల్ కొండకు తరలెను. చదువు దొరికినది, కాని వేరు పంక్తిలో దొరికినది. 2004లో ఆ విద్యాలయము నాటాలు విశ్వవిద్యాలయముతో కలిసి క్వాజులు-నాటాలు విశ్వవిద్యాలయమైనది. పంక్తి ఒకటైనది. ఇక చూడవలసినది వడ్డన.

1996 నాటి మన రాజ్యాంగము తొమ్మిదవ విభాగమున చట్టము ముందు అందరు సమానులని చెప్పినది. ఆ వెంటనే, పూర్వపు అన్యాయమువలన నష్టపడినవారిని పైకి తెచ్చుటకు ప్రత్యేక చర్యలు తీసికొనవచ్చుననియు చెప్పినది. ఈ రెండవ మాట మన యిండ్లలో బాధ కలిగించినది. మంచి మార్కులు వచ్చియు కోరిన శాఖలో చోటు దొరకని పిల్లల కన్నీటిని, ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన నేను చూచితిని. ఆ బాధ అబద్ధము కాదు. 1994 తరువాత పుట్టిన బిడ్డ ఎవరి తలుపును మూయలేదు గదా!

కాని రెండవ బిడ్డను గూర్చియు తలంపవలెను. గ్రంథాలయము లేని పల్లె బడిలో చదివి, ఇంట జూలూ మాటలాడి, పరీక్ష ఇంగ్లీషులో వ్రాసిన బాలిక తెచ్చుకొన్న మార్కును, ట్యూషను పెట్టించుకొన్న పిల్లవాని మార్కును ఒకే త్రాసులో తూచుట న్యాయమా? మార్కు చేరిన చోటును చూపును. బయలుదేరిన చోటును చూపదు. కావున భిన్నమైన వడ్డన తప్పని నేననను. అయితే వడ్డించువాడు కారణము బహిరంగముగా చెప్పవలెను. వర్ణమునే గాక పేదరికమునుకూడ చూడవలెను. ఆ కారణము ఇంకను నిలిచియున్నదా యని అప్పుడప్పుడు పరీక్షించుకొనవలెను.

ఇదిగాక, ఎవరి చోటును తీసికొనని సమానత్వము మరియొకటి కలదు. మన పూర్వుల పేర్లను గుమాస్తాలు తమకు వినబడినట్లు వ్రాసికొనిరి. ఆ చెదరిన రూపములనే నేటికిని మనలో ఎందరో మోయుచున్నారు. అట్టి మనము జూలూ విద్యార్థి పేరును సరిగా పలుకుట నేర్చితిమా? రాజ్యాంగము ఆరవ విభాగమున గౌరవింపవలసిన భాషలలో తెలుగును పేర్కొన్నదని గర్వింతుము. అదే నోటితో, జూలూ రాని విద్యార్థులు ఆ భాషాపాఠము చదువవలెనని 2014లో వచ్చిన నియమమును భారమనుట తగునా? శాఖాసమావేశమున ప్రతిసారి స్త్రీలచేతనే టీ తెప్పించుట, చక్రపు కుర్చీలో వచ్చువానికి అందని మేడపై తరగతి పెట్టుట, ఇవియు పంక్తిభేదములే. వీనిని మాన్పుటకు చట్టము అక్కరలేదు, కనులు తెరిచిన చాలును.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. దానిని విని నవ్వుదుము. కాని అందులో మన బలహీనత దాగియున్నది. నేడు అనేక శాఖలలో గరిటె మనవారి చేతిలోనే యున్నది. ఉద్యోగములిచ్చునప్పుడు, పరిశోధనకు విద్యార్థులను ఎన్నుకొనునప్పుడు మనవాడెక్కడ యని వెదకుదుమా? కడపంక్తి యెవరిదని వెదకుదుమా?

చిన్ననాట ఆలయపు తరగతిలో నాకు తెలుగు నేర్పిన గురువుగారు లోనికి రాగానే, అందరికంటె వెనుకబడిన పిల్లవాని పలకను మొదట చూచెడివారు. పలుమారులు ఆ పలక నాదే. ముందున్నవారికి దానివలన అక్షరమైనను తగ్గలేదు. వెనుకనున్న నేను మాత్రము నేడు ఈ నాలుగు మాటలు తెలుగున వ్రాయగలుగుచున్నాను. గరిటె చేతబట్టిన మనవారందరు ఆ పలకను మరువకుందురు గాక.