అరుదు కానిది రక్షణీయం కాదా? తంగేడు: ఒక నైతిక పరిశీలన

తెలంగాణ ప్రభుత్వం 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా గుర్తించింది. బీళ్లలో, గుట్టలపై విరివిగా పూసే ఈ మొక్క అరుదైన వృక్షజాతుల కోవకు చేరదు. అంతరించే ముప్పు లేని మొక్క ఒక్క ప్రాంతం నుండి కనుమరుగైతే దానిని నష్టంగా పరిగణించాలా అన్నది విచార్యాంశం.

కర్మాగారాలు, కాలనీలు అల్లుకున్న సనత్‌నగర్‌లో నేడు బతుకమ్మ పేర్చే స్త్రీలకు తంగేడు ఎక్కువగా అంగట్లోనే లభిస్తున్నది. పల్లెలో కోసుకొచ్చే వారికి అది ఎక్కడ మొలుస్తుందో, ఎప్పుడు పూస్తుందో తెలుసు. కొనేవారికి ఆ ఎరుక అవసరం లేదు. వృక్షజాతి సురక్షితంగా ఉండగానే నశించే ఈ ఎరుక గణాంకాలకు అందదు.

నగరవాసులకు ఇళ్లు, ఉపాధి కావాలన్న వాదం త్రోసిపుచ్చదగినది కాదు. అయినా కొమ్మ కోస్తే తంగేడు మళ్లీ చిగురిస్తుంది. బీడే పోతే చిగురించదు. కనుక రాష్ట్ర పుష్పమన్న గౌరవం అది మొలిచే నేలకూ వర్తించినప్పుడే సార్థకమవుతుంది.