అనుమానమూ, అంబాసిడరూ

సాటి మనిషిని అనుమానించడం తప్పా అని ఎవరైనా అడిగితే, తప్పేనని ఠక్కున అనేస్తాం. ఆ వెంటనే, పనిమనిషి అటు వెళ్ళగానే బీరువా తలుపు ఒకసారి లాగి చూసుకుంటాం. నేనూ ఆ బాపతే. అంచేత ఈ విషయంలో నీతులు చెప్పే అర్హత నాకు బొత్తిగా లేదు. మా కారు విషయంలో జరిగింది మాత్రం చెప్పగలను.

మాది 1978 నాటి అంబాసిడరు. ఇంగ్లీషువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుకి మన దేశంలో పెరిగిన తోబుట్టువు అది. బెంగాల్లోని ఉత్తర్‌పారాలో తయారయ్యేది. 2014లో ఆ తయారీ కాస్తా ఆగిపోయింది. మా బండి మాత్రం పెరట్లో రేకుల షెడ్డు కింద ఇంకా కాపురం చేస్తూనే ఉంది. మా మనవడు దాన్ని 'క్లాసిక్' అంటాడు. ఇంట్లో ముసలివాళ్ళకి దక్కని గౌరవం కారుకి దక్కింది, సంతోషం.

1986 వేసవిలో జరిగిందీ సంగతి. అప్పట్లో బెజవాడలో ఉండేవాళ్ళం. ఏలూరులో మా అత్తగారికి ఒంట్లో బాగుండక వారానికి రెండుసార్లు వెళ్ళి వచ్చేవాళ్ళం. పెట్రోలు లెక్కలన్నీ నా పుస్తకంలోనే ఉండేవి. లీటరుకి పది కిలోమీటర్ల దాకా ఇచ్చే బండి ఉన్నట్టుండి ఏడుకి దిగింది. పక్కింటావిడతో అంటే, "గొట్టం పెట్టి లాగేస్తారండీ, మీకు తెలీదు" అంది. మావారితో అంటే, "నోర్మూసుకో, అతను అలాంటివాడు కాడు" అన్నారు. నోరైతే మూసుకున్నాను గానీ, మర్నాడే బజారుకి వెళ్ళి ట్యాంకుకి తాళం ఉన్న మూత కొనుక్కొచ్చాను. తాళంచెవి నా పర్సులో వేసుకున్నాను. డ్రైవరుని ఒక్క మాట అనలేదు సుమండీ! బంకు దగ్గర ఆగినప్పుడల్లా అతను వెనక్కి తిరిగి చెయ్యి చాచేవాడు, నేను తాళంచెవి ఇచ్చేదాన్ని. పోయించాక తిరిగి ఇచ్చేసేవాడు. అంతే.

తర్వాత వారం నుంచీ బండి దారిలో ఆగిపోవడం మొదలెట్టింది. ఓసారి గన్నవరం దగ్గర, ఓసారి హనుమాన్ జంక్షన్ దాటాక. రెండుసార్లు దగ్గినట్టు కుదుపు, ఆ పైన నిశ్శబ్దం. అరగంట చెట్టు కింద నిలబడితే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ బయల్దేరేది. ఒకాయన ఎండకి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతోందని చెప్పి పంపు మీద తడిగుడ్డ వేయించాడు. బయల్దేరింది. ఇంకొకాయన కండెన్సరు మార్చాడు, బయల్దేరింది. మూడో ఆయన కాయిలు మార్చాడు, దానికీ బయల్దేరింది! ఊరికే కూచున్నా బయల్దేరేదే అని అప్పుడు మాకు తట్టలేదు. జలుబుకి వేసుకున్న మందులన్నీ పనిచేసినట్టే ఉంటాయి, చూశారూ, అలాగన్నమాట.

మధ్యలో డ్రైవరు ఒక మాటన్నాడు. "అమ్మగారూ, ట్యాంకు నిండా పోయించిన రోజే తొందరగా ఆగుతోందండీ." వినగానే నా మనసులో ఏమనిపించిందో తెలుసా? తక్కువ పోయించమంటున్నాడు, ఇందులో ఏదో ఎత్తు ఉంది అని. మావారికి చెప్పను కూడా చెప్పలేదు.

చివరికి ఆటోనగర్ నుంచి ఒక పెద్ద మేస్త్రీని పిలిపించారు మావారు. ఆయన బానెట్ ఎత్తనేలేదు. "ఆగినప్పుడు చూడాలి" అని ముందు సీట్లో ఎక్కి కూచున్నాడు. గన్నవరం దగ్గర బండి ఆనవాయితీ ప్రకారం ఆగింది. ఆయన ఒక ప్లగ్గు వైరు పీకి, కొసని ఇంజను ఇనుముకి దగ్గరగా పట్టి, డ్రైవరుని సెల్ఫు కొట్టమన్నాడు. చిటుక్కున నీలం మెరుపు. "కరెంటులో ఏం లేదు" అని వైరు మళ్ళీ తగిలించాడు. కార్బొరేటరుకి వెళ్ళే గొట్టం ఊడదీసి మళ్ళీ కొట్టమన్నాడు. పెట్రోలు చుక్క రాలేదు. నేరుగా బండి వెనక్కి నడిచి "తాళం" అన్నాడు. ఇచ్చాను. మూత తిప్పాడో లేదో, ఎవరో నిట్టూర్చినట్టు 'సుస్స్' మని గాలి లోపలికి పోయింది. ఆ తర్వాత బండి స్టార్టయింది.

నూనె డబ్బాకి ఒక్క చిల్లే పొడిస్తే నూనె సరిగా పడదు కదా, గాలి కోసం రెండోది పొడుస్తాం. ఇదీ అంతే. మా పాత మూతకి సన్నని బెజ్జం ఉండేది, నేను కొన్న మూతకి లేదు. పెట్రోలు ఖర్చయిన మేరకి లోపలికి గాలి రాక, పంపు ఎంత పీల్చినా ఏమీ వచ్చేది కాదు. బండి కాసేపు ఆగితే ఏ సందులోంచో కాస్త గాలి చేరేది. ట్యాంకు నిండుగా ఉంటే లోపలున్న గాలే తక్కువ, అంచేత తొందరగా ఆగేది. డ్రైవరు చెప్పింది అక్షరాలా నిజం.

మేస్త్రీ అంతటితో ఒప్పుకోలేదు. అదే మూత మళ్ళీ బిగించి, బండి మళ్ళీ ఆగేదాకా నడిపించాడు. దొంగ దొరికాక కూడా సాక్ష్యం అడిగే మనిషిని అప్పుడే చూశాను. ఇంటికొచ్చాక ప్లగ్గులు విప్పి మసి చూపించాడు. "పెట్రోలు ఎక్కువ తాగుతోందమ్మా. చోక్ లాగాక పూర్తిగా వెనక్కి పోకుండా ఇరుక్కుంటోంది." అదీ నా ఏడు కిలోమీటర్ల లెక్క!

"ఈ మూత ఎవరు పెట్టించారు?" అని అడిగాడు మేస్త్రీ. డ్రైవరు పక్కనే గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. నేనేనన్నాను. ఎందుకని ఆయన అడగలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేస్త్రీ కూడా అనుమానించాడు కదా, అని నన్ను నేను సమర్థించుకోబోయాను. వైరునీ, గొట్టాన్నీ వరసగా అన్నిటినీ అనుమానించాడు. కానీ ఆయన అనుమానం ఒక్కోదాని దగ్గరా ఒక్క నిమిషమే ఉంది. విప్పాడు, చూశాడు, "దీంట్లో ఏం లేదు" అని పైకే అని, ఎక్కడిదక్కడ బిగించేశాడు. నేను విప్పనూ లేదు, చూడనూ లేదు. పోనీ "నీలో ఏం లేదయ్యా" అని ఇప్పుడు అందామా అంటే, అనుమానించిన సంగతే పైకి అనలేదాయె. నోటితో అన్న మాటనైతే వెనక్కి తీసుకోవచ్చు. అనని మాటని ఎలా తీసుకోవడం? మర్యాద కోసం మింగానని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. అది మర్యాదో, పిరికితనమో మీరే చెప్పండి.

మర్నాడు పొద్దున్న పాత మూత వెతికి తీసుకెళ్ళి అతని చేతికిచ్చాను. "ఇకనుంచి ఇదే ఉండనీ. ఆ తాళం గీళం ఏమీ అక్కర్లేదు, పొరపాటు నాదే" అన్నాను. అంతకుమించి నోరు పెగల్లేదు.

అతను మూత తీసుకుని, బెజ్జంలోకి ఊది చూసి బిగించాడు. తాళం మూతని పాత గుడ్డలో చుట్టి డిక్కీలో పెడుతూ అన్నాడు, "అమ్మగారూ, బెజ్జం ఉన్న తాళం మూతలు కూడా వస్తాయంటండీ. ఆటోనగర్లో అడిగొస్తాను. తాళంచెవి మీ దగ్గరే ఉండనివ్వండి, నాకు అదే బాగుంటుంది."