తుప్పుపట్టిన బండి
(లూకా 14:28)



ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణమున 1962 మొదలు 1980 వరకు ఎం.జి.బి. అను స్పోర్ట్స్ కారును తయారుచేసిరి. నేటికిని కొందరు అట్టి పాత బండిని కొని బాగుచేయగోరుదురు. తెలిసినవాడు ఇంజనుకంటె ముందు తలుపుల క్రింది ఉక్కు దూలములను చూచును. ఈ బండికి వేరుగా చట్రము లేదు గనుక దాని బలము చాలవరకు వాటిలోనే యున్నది. అచ్చట అయస్కాంతము అంటుకొననిచో, రంగు క్రింద లప్పము పెట్టిరని గ్రహించును. తుప్పంతయు కోసి క్రొత్త రేకు అతుకవలెను. గోపురము కట్టువానివలె అతడు లెక్క చూచుకొనును. ఖర్చు బండి వెలను మించినయెడల విడిచిపెట్టును.

మన సంగతి ఏమి? ఆదివారపు తెల్లబట్టలు, గొంతెత్తి పాడు పాటలు పైరంగు వంటివి. లోపల తమ్మునిపై పగ, అతని పొలములోనికి జరిపిన గట్టు, ఇవే తుప్పు. ప్రభువు దానిని చూచెను, ఖర్చు లెక్కించెను. మన వెలకు మించినదని యెరిగియు మనలను విడువక, సిలువమీద తన రక్తముతో చెల్లించెను.

అయితే ఆయన లప్పము పూయడు, తుప్పును కోయును. ఈ రాత్రి ప్రార్థనలో ఆ చోటు ఆయనకు చూపుడి. తెల్లవారగానే పోయి గట్టు వెనుకకు జరుపుడి. ఆమేన్.