ఉత్తరేణికీ ఒక పీట

ఒక అంశం అనుకుని తోట వేయడమంటే ఈ రోజుల్లో పచ్చిక పరవడం, సిమెంటు కొంగలనూ ఫైబరు జింకలనూ నిలబెట్టడం, కడియం నర్సరీల నుంచి రంగురంగుల క్రోటన్లు దించడం. గోదావరి నీళ్ళు తాగే నేలలో ఆ మొక్కలు ఎంతో ముచ్చటగా ఉంటాయి. మా కర్నూలు జిల్లా గోనెగండ్ల ఎర్రనేలలో మాత్రం వాటిని బతికించాలంటే ఎండాకాలమంతా బిందెలు మోయాలి. మా మండలంలోనే హంద్రీ మీద గాజులదిన్నె జలాశయం ఉన్నా, వానను నమ్ముకున్న చేలే ఇక్కడ చాలా ఉన్నాయి. పంట పోయిన ఏడు ఎందరో ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకోతలకు, మా మాటలో సుగ్గికి, పోతారు. నీళ్ళు పోసే మనిషి ఊళ్ళో లేకపోయినా నిలిచే తోట ఏది? ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో తోట గురించి ఆలోచించే ఎవరికైనా మొదటి ప్రశ్న ఇదే కావాలి.

దీనికి జవాబు మన హోమగుండం దగ్గరే ఉంది. నవగ్రహాలకు తొమ్మిది సమిధలు: సూర్యుడికి జిల్లేడు, చంద్రుడికి మోదుగ, కుజుడికి చండ్ర, బుధుడికి ఉత్తరేణి, గురువుకు రావి, శుక్రుడికి మేడి, శనికి జమ్మి, రాహువుకు గరిక, కేతువుకు దర్భ. నవగ్రహవనం పేరుతో నాటేది ఈ తొమ్మిదినే. వీటిలో తడిని కోరేది మేడి ఒక్కటే. కుళాయి దగ్గర వృథాగా పారే నీటిని అటు మళ్ళిస్తే చాలు. తక్కినవి మొదటి రెండు మూడు వేసవులు గట్టెక్కిస్తే తమ బతుకు తాము బతుకుతాయి. జమ్మి వేరు నేలలోకి ఎంత లోతుకు పోతుందో మెట్టరైతుకు చెప్పనక్కరలేదు.

గుళ్ళో నవగ్రహ మండపం దిక్కుల ప్రకారమే ఈ మొక్కలను నాటుతారు. ఆ అమరికను తోటమాలి కంటితో చూసినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. నడుమ సూర్యుడి చోట ఎండను కోరే పొట్టి జిల్లేడు. ఉత్తరాన రావి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు నడినెత్తికి దక్షిణంగానే నడుస్తాడు కాబట్టి, అంత పెద్ద చెట్టు నీడా వనం బయటికే పడుతుంది. తూర్పున మేడి నీడ పొద్దెక్కేసరికి తొలగిపోతుంది. దక్షిణాన చండ్ర, పడమట జమ్మి. రెండింటివీ సన్నని ఆకులు, వెలుతురును జల్లెడ పట్టి వదులుతాయి. ఆగ్నేయంలో మోదుగ శివరాత్రి, హోళీ రోజుల్లో ఆకు రాల్చి ఎర్రగా పూస్తుంది. మిగిలిన మూడు మూలల్లో ఉత్తరేణి, గరిక, దర్భ నేలబారుగా ఉంటాయి. ఏదీ దేని ఎండనూ పూర్తిగా కాజేయదు. వేరుశనగలో కంది సాళ్ళు వేసే రైతుకు తెలిసిన లెక్కే ఇది: పొట్టిదీ పొడుగుదీ, పైవేరుదీ లోతువేరుదీ కలిపితే రెండూ బాగుపడతాయి.

ఈ వనం నాకు నేర్పిన పెద్ద సంగతి మరొకటి. బట్టలకు అంటుకునే ఉత్తరేణిని చేలో పీకి గట్టున పారేస్తాం. పశువు కూడా మూతి పెట్టని జిల్లేడును బీడుకు గుర్తు అంటాం. వనంలో ఉత్తరేణికి ఈశాన్యం దక్కింది, జిల్లేడుకు నట్టనడుమ చోటు దక్కింది. ఆ జిల్లేడు ఆకు తిని పెరిగే గొంగళి నారింజరంగు సీతాకోకై ఎగురుతుంది. రావి ఎంత ఎత్తు పెరిగినా దానిదీ ఒక పీటే, గరికదీ ఒక పీటే. మొక్క మారలేదు, దాని చోటు మారింది. మనుషులకూ ఇదే వర్తిస్తుందని నేను నమ్ముతాను. సొంత ఊళ్ళో పని దొరకని చేతుల కోసమే పరాయి జిల్లాలో మిరపచేలు ఎదురుచూస్తాయి. ఆ చేతుల్లో లోటు ఎప్పుడూ లేదు. వాటికి చోటు చూపడంలోనే మనం వెనకబడ్డాం.

ఇక అలంకారం. ఊరూరా రావినీ వేపనూ జంటగా నాటి, మొదలు దగ్గర నాగశిలలు నిలిపి, చుట్టూ కట్ట కట్టే అలవాటు మనకు ఉండనే ఉంది. మొక్కల జోడీ, శిల్పం, కూర్చునే అరుగు, మూడూ ఒక్కచోటే. వాడుక తప్పిన రోళ్ళు, ఇసుర్రాళ్ళు, పశువులు నీళ్ళు తాగిన రాతితొట్లు పెరళ్ళలో పడి ఉన్నాయి. తొట్టిలో నీళ్ళు పోస్తే పిచ్చుకలు దిగుతాయి. కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు వెళ్ళినవారికి తెలుసు, ఉలి తగలని రాయి కూడా మనిషిని నిలబెట్టి చూపించుకుంటుంది. ఆదోని కొండల గుండ్లను చూస్తూ పెరిగిన మనకు సిమెంటు బొమ్మల అవసరం లేదు.

తోట ఎవరి కోసమో చెప్పే రాళ్ళూ మన జిల్లాలోనే ఉన్నాయి: ఎర్రగుడి బండల మీది అశోకుడి శాసనాలు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటివి. మనుషులకూ పశువులకూ పనికొచ్చే మందుమొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించడం, దారుల వెంట చెట్లు పెంచి బావులు తవ్వించడం గురించి వాటిలో ఉంది. నాటినవాడి కంటే ఆ దారిన పోయేవాడికి ఎక్కువ అక్కరకొచ్చే తోటే గొప్పదని నా తీర్మానం.

అందుకే మా ప్రాంతపు బడులకూ, గుళ్ళకూ, పంచాయతీలకూ ఒక మనవి. ఈ తొలకరికి ఆవరణలో ఒక నవగ్రహవనం వేయండి. రావినీ మేడినీ గోడలకూ బావికీ దూరంగా నాటండి. జిల్లేడు పాలు కంట్లో పడకూడదని పిల్లలకు ముందే చెప్పండి. ప్రతి మొక్క దగ్గరా నాపరాతి పలక మీద దాని పేరు చెక్కించండి, ఉత్తరేణి పేరు కూడా.