ముడుపులో రూపాయింబావలా

రామాపురంలో మా అత్తగారి ట్రంకుపెట్టెలో ఒక ముడుపుంది. కొండకు మొక్కింది. గుడ్డ చివికిపోతే ఆ మధ్య నేనే కొత్త పసుపు గుడ్డలోకి మార్చి కట్టాను. లోపల అయిదో జార్జి తలకాయున్న వెండి రూపాయి, వెనక పులిబొమ్మ ఉన్న 1947 నాటి నికెల్ పావలా. మా వారికి చిన్నతనంలో టైఫాయిడ్ వస్తే కట్టారట. జ్వరం తగ్గింది గానీ చేతిలో డబ్బాడక ప్రయాణం ఏటికేడూ వెనకబడింది. 1977 ఉప్పెనలో ఇల్లు పోయినా పెట్టె దక్కింది. ఆవిడ వెళ్లిపోయారు, మొక్కు మాకు మిగిలింది.

స్వామికి మేం ఎంత బాకీ?

“వదినా, ఆ రూపాయి తెనాలిలో తూకానికి అమ్మి, వచ్చిన సొమ్ము హుండీలో వేద్దాం. స్వామికే లాభం” అంటాడు మా మరిది. అతని మాటలో న్యాయం లేకపోలేదు. 1835లో కంపెనీ వాళ్లు తమ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి పెట్టినప్పుడు దాని బరువు సరిగ్గా తులం, పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. 1940లో వెండి సగానికి దిగింది, 1947లో పూర్తిగా పోయింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాక పావలా పాతిక పైసల పేరుతో బతికింది. 2011 జూన్ 30తో దాని చెలామణీ ఆగింది.

ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుక్కి మట్టే నిజమని, కుండ వట్టి పేరని చెప్పాడు. మరిది లెక్కా అదే: వెండి నిజం, రాజు తల వట్టి ముద్ర. ముడుపుకు మాత్రం ఆ లెక్క పట్టదని నా నమ్మకం. ఇంట్లో గింజలు నిండుకున్నా ముట్టనని, నాట్ల కూలిలోంచి ఆవిడ తీసిపెట్టిన కష్టం అది. వెండి ధర పెరిగితే ఆ కష్టం పెరగదు, సర్కారు రద్దు చేస్తే తరగదు. అమ్మితే దాన్ని మళ్లీ సంతకు దింపినట్టే. మన జేబులోంచి ఇంకో రూపాయింబావలా తీసి వేస్తే ఆవిడ పస్తులకు విలువ కట్టనట్టే.

ఆలస్యం సంగతి వేరు. అది మా తప్పు, వడ్డీ మేమే కట్టాలి. కుబేరుడికి తానే బాకీపడి వడ్డికాసులవాడైన స్వామికి అప్పు బరువు తెలుసు. ఆ వడ్డీ మాకు కొరతపడేంత ఉండాలి, లేకపోతే అది ఇచ్చినట్టే కాదు.

మీ ఇంట్లోనూ పెద్దలు కట్టిన ముడుపు ఉంటే వెండి కొట్టుకో, పాత నాణేల బేరగాళ్లకో చూపించకండి. ముడి విప్పకుండా కొండకు చేర్చండి.